సొరంగవరంలో కుక్కపిల్లను నిద్రపుచ్చుట

నమోదు 1

సొరంగవరం పౌరులారా, వారి వారసులారా, ఏ కారణం చేతనైనా ఈ చిట్టా తెరవవలసి వచ్చిన దురదృష్టవంతులారా! చంద్రుడి నేల కింద, ఎప్పుడో లావా తొలిచి వదిలేసిన ఈ గొట్టంలో మూడు వందల మందిమి కాపురాలు చేస్తున్నాం. ఇవాళ మనకు ఒక కుక్క జత అయింది. ఇది చరిత్ర. చరిత్ర రాసే పని నాకు అప్పగించారు.

నాకే ఎందుకంటే, ఊరు మొత్తానికి జంతుశాస్త్రంలో పట్టా ఉన్నది నాకొక్కదానికే. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, భూమి నుంచి పాఠాలు తెప్పించుకుని ఫస్టు క్లాసులో పాసయ్యాను. చదువు పూర్తయ్యేనాటికి నేను కళ్లారా చూసిన నాలుగు కాళ్లది క్యాంటీను బల్ల ఒక్కటే. నా పేరు మేఘమాల. మబ్బన్నది కనబడని చోట పుట్టిన పిల్లకు ఆ పేరు పెట్టిన అమ్మానాన్నల వేళాకోళం బుద్ధే నాకూ వచ్చిందని కొందరంటారు. నేను గంభీరమైన మనిషిని. ఖండిస్తున్నాను.

సరుకుల నౌకలో వంటాయన పెంచుకునే కుక్క పిల్లల్ని పెట్టిందట. అందులో ఒకదాన్ని మనకు వదిలి నౌక గనుల వైపు వెళ్లిపోయింది. పెట్టె చుట్టూ జనం మూగారు. నేను పుస్తకంలో చదివిన విధంగా మోకాళ్ల మీద కూర్చుని, అరచేయి కిందకు చాచి, "పరిచయ ప్రక్రియ ప్రారంభిస్తున్నాను" అని ప్రకటించి మూత తీశాను.

గోధుమరంగు బొచ్చు. ఒక చెవి నిలబడింది, రెండోది పడుకుంది. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. అది ఎగిరింది.

భూమ్మీదైతే నా మోకాలిదాకా వచ్చేదేమో. ఇక్కడ బరువు ఆరో వంతే కదా! నా తల దాటి, కప్పు దీపానికి ముక్కు తగిలించుకుని, నాలుగు కాళ్లతో గాలిని ఈదుకుంటూ నింపాదిగా కిందికి దిగింది. దిగాక ఒక్క క్షణం ఆశ్చర్యపోయింది. తనకే నమ్మకం కలగలేదు. మళ్లీ ఎగిరింది, ఈసారి కావాలనే.

"ఏందే పిల్లా, గిది కుక్కనా, చిచ్చుబుడ్డా?" అంది క్యాంటీను నడిపే మల్లక్క.

నామకరణం ముగిసింది. చిచ్చుబుడ్డి. ముద్దుగా బుడ్డి.

నమోదు 2

రాత్రయింది. మన దగ్గర రాత్రి అంటే సూర్యుడు చేసేది కాదు, ఆలకింపు అధికారి హైమవతి గారు చేసేది. ఆవిడ చెయ్యెత్తితే దీపాలు తగ్గుతాయి, పంపులు ఆగుతాయి, మల్లక్క గిన్నెలు తోమడం ఆపేస్తుంది. మూడు షిఫ్టులవాళ్లూ మేజోళ్లు తొడుక్కుని మంచాలెక్కి మాట్లాడకుండా పడుకుంటారు. అప్పుడు ఆలకింపు మొదలవుతుంది.

బండల్లో పాతిన చెవులు మన గోడలను వినే సమయం అది. ఎక్కడైనా వెంట్రుకవాసి పగులు పడితే మన గాలి సన్నగా ఈల వేసుకుంటూ బయటికి పోతుంది. ఆ ఈల వినబడాలంటే ఊరంతా నోరు మూసుకోవాలి. నేను పుట్టకముందు అలాంటి ఈలను పట్టుకుని ఒక వీధి వీధినే ఖాళీ చేయించారట హైమవతి గారు. ఆ వీధివాళ్లు అందరూ ఇవాళ్టికీ బతికి ఉండి క్యాంటీనులో ఉప్పు తక్కువైందని పోట్లాడుతున్నారు. అందుకే ఇక్కడ తుమ్ము వచ్చినవాడు దిండులోకి తుమ్ముతాడు. చంటిపిల్లలను తల్లులతో సహా, చప్పుడు బయటికి రాకుండా గోడలకు మెత్తలు వేసిన మెత్తగదికి పంపుతారు.

ఊరు ఊపిరి బిగబట్టింది. నా గదిలో బుడ్డి కూడా ఒక్క క్షణం బిగబట్టింది. తరవాత "భౌ!" అంది.

సొరంగం కదా! ఆ ఒక్క భౌ ఊరి చివరిదాకా వెళ్లి, పదిమందిని వెంటేసుకుని తిరిగొచ్చింది. బుడ్డి తోక నిలబడిపోయింది. అవతల ఇంకో కుక్క ఉందనుకుంది. దానికి జవాబు చెప్పింది. జవాబుకు జవాబు వచ్చింది. ఇక మీరే ఊహించుకోండి.

దాన్ని చంకనేసుకుని మెత్తగదికి పరుగెత్తాను. లోపల అది ఈ గోడను తన్ని ఆ గోడకు, ఆ గోడను తన్ని కప్పుకు ఎగిరింది. మెత్తలు అరుపును మింగాయి గాని ఆ తాపులు తిన్నగా బండలోకి దిగాయి. ఇద్దరు చంటిపిల్లలు లేచి, పుట్టి ఇంత మంచి ఆట చూడలేదన్నట్టు కేరింతలు కొట్టారు.

హైమవతి గారు మేజోళ్లతోనే వచ్చారు.

"మేఘమాలా."

"అండి."

"ఆలకింపు పోయింది. గోడ సంగతి నాకిప్పుడు తెలీదు. తెలీని గోడ పక్కన నేను మనుషుల్ని మామూలు బట్టల్లో తిరగనివ్వను."

అంటే రేపు పైపుల ముఠా సబ్బు నురగ కుంచెలతో గోడలన్నీ పూసి బుడగ లేస్తుందేమో చూడాలి. అది ముగిసేదాకా ఊరంతా గాలికోటు, గాజు టోపీ, బండ చేతితొడుగులు వేసుకునే పని చేయాలి.

"నౌక తిరిగొచ్చేదాకా గడువిస్తున్నాను. ఈలోగా ఒక్క ఆలకింపు, మొదటినుంచి చివరిదాకా, ఈ కుక్క ఉండగా చెడకుండా జరిగితే ఉంటుంది. లేకపోతే అదే నౌకలో వెనక్కి వెళ్తుంది. నాకు దాని మీద కోపం లేదు" అన్నారు ఆవిడ.

బుడ్డి ఆవిడ కాలి మేజోడు పట్టుకుని లాగింది. ఆవిడ విడిపించుకుని వెళ్లిపోయారు. నా గుండె అప్పుడు కొట్టుకున్న చప్పుడు కూడా బండల్లోని చెవులకు వినబడే ఉంటుంది.

నమోదు 3

ఊరంతా గాజు టోపీల్లో ఉంది. మల్లక్క బండ తొడుగులతో పెసరట్టు తిప్పబోతే అది కప్పుకు అంటుకుంది. అయినా ఎవరూ కుక్కను తిట్టలేదు! పైగా క్యాంటీనులో యుద్ధ సమావేశం పెట్టారు. నేను అధ్యక్షత వహించాను. అధ్యక్షురాలిని నేనే ఎన్నుకున్నాను.

తీర్మానం ఒక్కటే. బుడ్డిలో బలం ఎక్కువైంది, ఆ బలం పగలు ఖర్చుపెట్టిస్తే రాత్రి తానే పడిపోతుంది.

నేను పుట్టగొడుగులు పెంచే గదిలో పనికి పోయాక ‘ఏ’ షిఫ్టులో సన్యాసప్పడు మామ, బీ షిఫ్టులో మల్లక్క, సీ షిఫ్టులో ఇమ్మానుయేలన్న దాన్ని అలసగొట్టే బాధ్యత తీసుకున్నారు. మామ పైపుల ముఠాకు పెద్ద. ఇమ్మానుయేలన్న ఎముకలు గుల్లబారకుండా ఊరందరి చేతా బరువులు మోయించే వ్యాయామశాల మాస్టారు.

"మా సేతికి ఒగ్గీయే మేగమ్మా. సాయంత్రానికి కుక్క కుక్కలాగుండదు, తడిసిన గోనిసంచిలాగుంటాది" అన్నాడు మామ.

ముగ్గురూ ముగ్గురే. ఎలాంటివాళ్లంటే, తరవాతి షిఫ్టు రిలీవరు వచ్చేసరికి ఒక్క మర సగం బిగించి ఉన్నా ఇంటికి పోని మనుషులు. సొరంగవరంలో "పెండింగు" అన్న మాట బూతు కింద లెక్క. బుడ్డి మంచి చేతుల్లో ఉంది. ఇవాళ రాత్రి గెలుపు మనదే!

నమోదు 4

మనది కాదు.

నమోదు 5

ఆట పెంచాం. అరుపు పెరిగింది. అందరూ మళ్లీ గాజు టోపీలెక్కించారు.

అయితే ఈ ఉదయం నా బుర్రలో మెరుపు మెరిసింది. రాత్రి ఎప్పుడు చూసినా బుడ్డి నా గదిలో ఒకే గోడ వైపు తిరిగి మొరుగుతోంది. ఒకే గోడ! కుక్క చెవి మనిషి చెవికన్నా ఎన్నో రెట్లు చురుకని పరీక్షలో రాసింది నేనే. ఆ గోడలో పగులు ఉండి, ఆ ఈల ఈ పిల్లకు మాత్రమే వినబడుతుంటే? మనం వెనక్కి పంపబోతున్నది మనల్ని కాపాడుతున్న ప్రాణినైతే?

ఈ మాట నేను ఎంత గద్గదంగా చెప్పానంటే సన్యాసప్పడు మామ గాజు టోపీలో కన్నీళ్లు పెట్టుకున్నాడు, తుడుచుకునే దారి లేక నానా అవస్థా పడ్డాడు. ముఠా మొత్తం నా గదిలో దిగింది. మంచం బయటపెట్టారు. నురగ పూశారు. పలక విప్పారు. హైమవతి గారు స్వయంగా గాజు టోపీ తీసి గోడకు చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. బుడ్డి ఆవిడ పక్కనే నిలబడి అదే గోడను చూసి భౌమంది.

"అదిగో!" అని అరిచాను.

ఆవిడ వంగి, కుక్క ఎత్తుకు తల దించి, అది చూస్తున్న వైపే చూశారు. తరవాత చెయ్యి చాచి కొక్కేనికి వేలాడుతున్న నా బట్ట టోపీని తీశారు. బుడ్డి మొరగడం ఆపింది. తిరిగి తగిలించారు. భౌ.

గోడ బ్రహ్మాండంగా ఉంది. నా టోపీయే దానికి నచ్చలేదు.

నమోదు 6

ఊరి ఓర్పు అడుగంటుతోంది. గాజు టోపీలతో మూడు షిఫ్టులు నడవడం ఆట కాదు. చంటిపిల్లల తల్లులు అడిగిన మాట నన్ను ఇంకా కుడుతోంది. "నిజంగానే ఏ రాత్రయినా పగులు పడితే, బుడ్డి అరుపులో ఆ ఈల కలిసిపోతే ఏం చేస్తావు మేఘా?" అన్నారు. నురగ పూసేసరికి మధ్యాహ్నమవుతుంది. అప్పటిదాకా అదృష్టమే మన గోడ.

బుడ్డి మాత్రం నా ఒళ్లోకి ఎగిరి, నా గడ్డం నాకి, నా చొక్కా గుండీ మింగింది. దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆటలో మామ వేలు కొరికిందట. నిన్న మల్లక్కను చూసి పళ్లు చూపించిందట. ఇదివరకు అలా లేదు.

నౌక గనుల నుంచి బయలుదేరిందని కబురొచ్చింది. రేపు క్యాంటీనులో విచారణ.

నమోదు 7

ఈ నమోదును బంగారు అక్షరాలతో రాయవలసింది. బంగారం లేదు గనక మామూలుగా రాస్తున్నాను.

హైమవతి గారు బల్ల దగ్గర కూర్చున్నారు. ముద్దాయి నా కాళ్ల దగ్గర చెప్పు నములుతోంది. క్యాంటీను నిండా జనం.

"నేను పంపించేయడానికే వచ్చాను. దాన్ని అలసగొట్టడంలో మీరు చేయాల్సిందంతా చేశారా లేదా, అది చెప్పండి. లోపం ఉంటే సరిదిద్దుకునే వీలుంటుంది" అన్నారు ఆవిడ.

లోపం! ఆ మాట మన షిఫ్టు పెద్దల ముందు అనకూడదు.

సన్యాసప్పడు మామ లేచాడు. "నోపమేటమ్మా? నా సేతిలో ఉన్నంతసేపు దాన్ని కూకోనిచ్చీనానేటి? పైపుల సందులో ఈ సివర్నించి ఆ సివరికి బంతి ఇసిరి ఇసిరి నా బుజం పడిపోనాది. కళ్లు మూసీబోతే సెవి కాడ సప్పట్లు కొట్టి నేపీసినాను. పని పెండింగెట్టీ మనిసినా నాను?"

"ఏ, నీదేం ఆటయ్యా మామా! ఉరికిచ్చుడంటే నాది. క్యాంటీన్ల మూలమూలకు ఉరికిచ్చిన. జర పండుకుంటనని బల్లకిందికి పోతే ముక్కుకాడ ఎండుచేప పెట్టి బయటికి గుంజిన. సీ షిఫ్టోళ్లకు సగం పని అప్పజెప్పుడు నా ఇంటా వంటా లేదు" అంది మల్లక్క.

ఇమ్మానుయేలన్న గొంతు సవరించుకున్నాడు. "మీరిద్దరూ ఆడించారు. నేను శిక్షణ ఇచ్చాను. బరువు పట్టీ కట్టి పరుగుపట్టా ఎక్కించాను. నడుస్తూ నడుస్తూ తూలితే తడిగుడ్డతో మొహం తుడిచి మళ్లీ ఎక్కించాను. నా షిఫ్టులో అది ఒక్క కునుకు తీసిందని ఎవరైనా రుజువు చేయండి, ఈ మాస్టారు పని మానేస్తా!"

ఏ షిఫ్టు చప్పట్లు కొట్టింది. బీ షిఫ్టు ఈలలు వేసింది. సీ షిఫ్టు బల్లలు బాదింది.

"ఆగండి" అన్నారు హైమవతి గారు. ఎప్పుడూ వినడమే వృత్తిగా ఉన్న మనిషి కదా, ముగ్గురు చెప్పినదీ కలిపి విన్నది ఆవిడ ఒక్కరే. "ఏ షిఫ్టులో పడుకోనివ్వలేదు. బీ షిఫ్టులో పడుకోనివ్వలేదు. సీ షిఫ్టులో పడుకోనివ్వలేదు. రాత్రి సరే, అదెలాగూ అరుస్తోంది. మరి అది పడుకునేదెప్పుడు?"

మామ మల్లక్క వైపు తిరిగాడు. "నీ కాడ తొంగోదేటి?"

"నా తాన ఎందుకు పండుతది? నీ తాన పండి వస్తదనుకున్న!"

ఇద్దరూ ఇమ్మానుయేలన్నను చూశారు. ఇమ్మానుయేలన్న నన్ను చూశాడు. నేను బుడ్డిని చూశాను. అది చెప్పు నోట్లో పెట్టుకునే నిలబడి తూలుతోంది. ఎర్రటి కళ్లు సగం మూతపడి, ఉలిక్కిపడి తెరుచుకుంటున్నాయి.

కుక్కపిల్ల రోజులో ముప్పావు వంతు నిద్రలోనే గడుపుతుందని, నిద్ర చాలకపోతే సద్దుమణగడానికి బదులు రెచ్చిపోతుందని పరీక్షలో రాసి ఈ మేఘమాల పదికి పది మార్కులు తెచ్చుకుంది. ఆ జవాబు కింద నేను వేసిన బొమ్మ కూడా నాకు గుర్తుంది. చాలా బాగా వేశాను.

"మూడు షిఫ్టులూ కలిసి" అన్నారు హైమవతి గారు నెమ్మదిగా, "ఒక పసిదాన్ని వచ్చిన రోజు నుంచీ నిద్రపోనివ్వకుండా చాకిరీ చేయించారు. అదీ ఒక్క నిమిషం పెండింగు లేకుండా."

మల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ కింద కూర్చుని, అక్కడే కూలబడి కళ్లు మూసిన బుడ్డి తల నిమరబోయి, నిమిరితే లేస్తుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నౌక వచ్చేదాకా అన్నాను. ఇంకా రాలేదు" అని ఆవిడ లేచి వెళ్లిపోయారు.

నమోదు 8

కొత్త ఆదేశం అమల్లోకి వచ్చింది. ప్రతి షిఫ్టూ కుక్కను నిద్రలో ఉండగా రిలీవరుకు అప్పగించవలెను.

మన జనానికి పని చెబితే చాలు! పెట్టెకు నల్ల గుడ్డ కప్పాం. దాని గదిగుమ్మం ముందు ఎవరూ గెంతకూడదు. కాసేపు మేలుకోవడం, మలవిసర్జన, కాసేపు ముక్కుతో వెతికే ఆట, మళ్లీ పడక. ఆట అంటే బంతి కాదు. మేజోడు మడతల్లో ఎండుచేప ముక్క దాచి ఇస్తాం. అది కదలకుండా కూర్చుని, ముక్కు దూర్చి, ఆలోచించి ఆలోచించి, ముక్క దొరికేసరికి ఆవులిస్తుంది. ఆవులించింది! నేను పుస్తకాల్లో చదివిన కుక్క ఆవులింతను మొదటిసారి చూశాను. ముగ్గురిని పిలిచి చూపించాను. ముగ్గురూ ఆవులించారు.

మొదటి పూట పెట్టెలో గోల చేసింది. తలుపు తీస్తానని నా చెయ్యి పోయింది. మల్లక్క పట్టుకుంది. "ఒర్లనియ్యి. మనం ఈడనే ఉన్నమని తెల్వాలె, గంతే." ఇద్దరం పెట్టె పక్కన నేల మీద కూర్చున్నాం. గోల కాస్తా గొణుగుడైంది. గొణుగుడు కాస్తా ఊపిరైంది.

ఇప్పుడు పోటీ మొదలైంది. "మా షిఫ్టులో రెండు కునుకులు తీసింది" అని మామ గుసగుసగా గొప్పలు పోతున్నాడు. ఇమ్మానుయేలన్న వ్యాయామశాల బరువులన్నిటి కిందా పాత దుప్పట్లు పరిచాడు. కళ్ల ఎరుపు పోయింది. మామ వేలిని కొరకడం లేదు, నాకుతోంది. టోపీని కూడా క్షమించింది.

నమోదు 9

నిన్నటి ఆలకింపులో ఒక్క అరుపు! ఒక్కటంటే ఒక్కటి! అదీ చివరాఖర్న!

నేను పక్కనే ఉండి కళ్లారా చూశాను. హాయిగా పడుకుంది. తరవాత కల వచ్చింది. కలలో దేన్నో తరుముతోంది. నాలుగు కాళ్లూ ఆడాయి. భూమ్మీద కుక్క కలలో పరుగెత్తితే పరుపు మీదే ఉంటుంది. ఇక్కడ మనది చంద్రమండలం. ఒక్కో తాపుకూ పరుపు నుంచి కొంచెం కొంచెం లేచి, నిద్రలోనే గాల్లో తేలి, పెట్టె పైపలకకు నెత్తి తగిలించుకుంది. లేచింది. ఎవరో కొట్టారనుకుంది. భౌ.

ఒక్క అరుపైనా అరుపే. ఊరు మళ్లీ టోపీలెక్కించింది. కానీ ఈసారి క్యాంటీనులో ఒక్కరూ విసుక్కోలేదు. అందరి మొహాల్లోనూ నాలాంటి ఆవేశమే. "మేగమ్మా, అంగుళం దూరంలో ఉన్నాం" అన్నాడు మామ.

బరువు పెడితే పోదా అని ఇమ్మానుయేలన్న బరువు పట్టీ తెచ్చాడు. దాన్ని చూడగానే బుడ్డి లేచి నిలబడి, తోక ఊపుకుంటూ పరుగుపట్టా వైపు బయలుదేరింది. పట్టీ అంటే దానికి పరుగే మరి. ఇసుక నింపిన దుప్పటి కప్పాం. దాన్ని చింపి ఇసుక చల్లుకుని పండగ చేసుకుంది.

నౌక రేపు దిగుతుంది. మిగిలింది ఈ ఒక్క ఆలకింపు.

నమోదు 10

చివరి ఆలకింపుకు సాక్షిగా హైమవతి గారే వచ్చారు. కొన్నాళ్లుగా ఆవిడ కూడా సరిగ్గా నిద్రపోలేదని మొహమే చెబుతోంది. పెట్టెకు అటు ఆవిడ, ఇటు నేను. పైపలక విప్పేశాను. దీపాలు తగ్గాయి. ఇక మాట లేదు.

బుడ్డి పడుకుంది. నేను అరచేతిని దాని నడుము మీద ఆనించి ఉంచాను. నొక్కితే లేస్తుంది, తీస్తే తేలుతుంది. అలా చాలాసేపు బానే ఉంది. కల మొదలైంది, కాళ్లు ఆడాయి, నా చెయ్యి కింద ఒళ్లు ఉలికింది గాని లేవలేదు. నేను లోలోపల కేకలు వేస్తున్నాను!

అంతలో నా భుజం దగ్గర మొదలైన తిమ్మిరి వేళ్లదాకా పాకింది. చెయ్యి నాది కాకుండా పోయింది. అది వణకడం మొదలైంది. బుడ్డి చెవి కదిలింది. నేను కళ్లతోనే హైమవతి గారిని వేడుకున్నాను.

ఆవిడ ఇంతవరకూ దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే తీర్పు చెప్పడం కష్టమని కాబోలు. ఇప్పుడు ముందుకు వంగి, నా చెయ్యి కిందుగా తన చెయ్యి దూర్చారు. నేను నాది తీసుకున్నాను. బుడ్డి నిద్రలోనే ఒక్క నిట్టూర్పు విడిచి ఆవిడ మణికట్టు మీద గడ్డం పెట్టుకుంది.

ఆవిడ మొహం మారడం నేను చూశాను. చిట్టా నియమాల ప్రకారం అది రాయకూడదు గనక రాయడం లేదు.

ఆ తరవాత జరిగింది రాయక తప్పదు. బుడ్డి ఊపిరి వెచ్చగా తగులుతుంటే హైమవతి గారి తల పెట్టె అంచు మీదికి వాలింది. కళ్లు మూతపడ్డాయి. ఆ వెంటనే, సొరంగవరం ఆలకింపు అధికారి ఆలకింపు మధ్యలో గురక పెట్టారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడను లేపితే చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలితే కుక్క లేస్తుంది. లేపకపోతే ఈ గురకను బండల్లోని చెవులన్నీ నమోదు చేసుకుంటాయి. పంచేంద్రియాలనూ బిగబట్టి ఆలోచించాను. కుక్క అరుపా, మనిషి గురకా? కుక్కను వెనక్కి పంపుతామన్నారు గాని హైమవతి గారిని పంపుతామని ఎవరూ అనలేదు.

లేపలేదు.

నమోదు 11

దీపాలు పెరిగాయి. హైమవతి గారు ఉలిక్కిపడి లేచి, తన చెయ్యి ఎక్కడుందో చూసుకున్నారు. బుడ్డి ఇంకా నిద్రలోనే ఉంది! వెల్లకిలా తిరిగి, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పెట్టి పడుకుంది. ఆవిడ చెయ్యి మెల్లగా లాక్కుని, పమిట సర్దుకుని, ఏమీ జరగనట్టు ఆలకింపు గదికి నడిచారు. నేను వెనకే పరుగెత్తాను. మామ, మల్లక్క, ఇమ్మానుయేలన్న గుమ్మం దగ్గరే కాచుకుని ఉన్నారు. వాళ్ల వెనక సందు నిండా ఊరు. పైన నౌక దిగిన అదురు కాళ్లకు తెలిసింది.

రాత్రి బండల్లోని చెవులు నమోదు చేసుకున్న చప్పుడును ఆవిడ పెట్టారు. మొదట ఏమీ లేదు. ఏమీ లేదు. తరవాత "గుర్ర్... గుర్ర్..."

మల్లక్క మొహం వాడిపోయింది. "అయ్యో, బుడ్డి గురకనా?"

హైమవతి గారు నా వైపు చూశారు.

"శాస్త్రీయంగా నిర్ధారించడం కష్టమండీ" అన్నాను, ఎంతో గంభీరంగా.

"కష్టమేముంది? నాదే" అన్నారు ఆవిడ.

నవ్వే ధైర్యం ఎవరికుంది? ఆవిడ మీట మీద వేలు పెట్టి ఇలా అన్నారు. "అరుపు ఎప్పుడు పడుతుందో తెలీదు, దానివల్ల అన్నీ కలగాపులగం అవుతాయి. గురక అలా కాదు. పంపు చప్పుడులాగా ఒకే తీరు. ఇది ఇంత అని తెలిస్తే తీసి పక్కన పెట్టొచ్చు."

మీట తిప్పారు. గుర్ర్ సన్నబడింది. ఇంకొంచెం తిప్పారు. అది పోయింది. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు. మేం ఆవిడ మొహాన్ని విన్నాం. ఈల లేదు. మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఏమీ లేదు. ఇన్ని రాత్రుల తరవాత మన గోడ మాట మనకు తెలిసింది.

"గోడ బాగుంది" అన్నారు ఆవిడ. "నౌకవాళ్లకు చెప్పండి. పుట్టగొడుగుల బస్తాలు తప్ప మనం పంపేదేమీ లేదు."

సన్యాసప్పడు మామ కేక పెట్టడానికి నోరు తెరిచాడు. మల్లక్క ఆ నోటిని అరచేత్తో మూసేసింది. "పండుకుంది!" అని పెదాలతోనే అంది.

ఆ మాట నోటి నుంచి నోటికి, చప్పుడు లేకుండా, సందు చివరిదాకా పోయింది. పండుకుంది. పండుకుంది. అప్పుడు మామ మేజోళ్లతోనే ఎగిరాడు. ఇమ్మానుయేలన్న ఎగిరాడు. చంటిపిల్లలను ఎత్తుకున్న తల్లులు ఎగిరారు. నేను ఎంత బలంగా ఎగిరానంటే కప్పును చేత్తో ఆపుకోవలసి వచ్చింది. పైనుంచి చూస్తే మూడు షిఫ్టులూ గాల్లో ఉన్నాయి. అన్ని నోళ్లూ తెరిచి ఉన్నాయి, ఒక్క నోట్లోంచీ మాట రావడం లేదు. హైమవతి గారు మాత్రం నేల మీదే ఉండి, పెదాల మీద వేలు పెట్టుకుని మమ్మల్నందరినీ హెచ్చరిస్తున్నారు. ఆవిడ మడమలు నేలకు ఆని లేవు.

మేమందరం మునివేళ్ల మీద, ఒక్కొక్కరుగా, నెమ్మదిగా దిగాం.

బుడ్డి లేవలేదు.